ఎలుక బలిసిన మనకేమి?

బాపట్ల, రేపల్లె ప్రాంతముల రైతునకు ఎలుక శత్రువు. వరి పొట్టకు వచ్చిననాటినుండి కుప్ప నూర్చువరకు దానితో పోరాటమే. కన్నములు త్రవ్వి దానిని పట్టుటయందు మన యానాదులకు గల నేర్పు అందరెరిగినదే. రాత్రియంతయు మన ధాన్యమునే తినియు ఆ పొలపుటెలుక బలిసి కదలలేక పడియుండుట ఎవరును చూచియుండరు. కాని హైదరాబాదులో అట్లు బలిసిన ఎలుకలు కలవు. “ఎలుక బలిసిన మనకేమి?” యని నవ్వువారికి ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

1918లో మెకారిసన్ దొరగారు కూనూరులో బెరిబెరి వ్యాధిని శోధించుటకు నెలకొల్పిన చిన్న శాల 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది. 1920 నుండి తరతరములుగా ఆ సంస్థ పెంచుచున్న విస్టార్ జాతి తెల్లయెలుకలలో పుట్టుకతోనే అతిగా బలియు గుణము గలవి కొన్ని పుట్టెను. గిరిధరన్ గారును సహచరులును వానిని గుర్తించి 1996లో లోకమునకు తెలిపిరి. వాని తిండికి మితి లేదు, నెత్తురులో ఇన్సులిను, లెప్టిను మిక్కుటము, సంతానము కలుగదు. వానిలో ఒక తెగకు చక్కెరను భరించు శక్తియు కొరవడినది.

ఇన్సులిను క్లోమమున పుట్టు రసము. నెత్తురులోని చక్కెరను కండలలోనికి పంపుట దాని పని. దేహము బలిసినకొలది కండలు దాని మాట వినవు. అంతట క్లోమము మరింత ఇన్సులినును వదలును. ఇచ్చటనే చిక్కు. కండలు చెవిటివైనను మూత్రపిండములు చెవిటివి కావు. అవి ఆ యాజ్ఞను ఎప్పటివలెనే పాలించి, బయటికి పోవలసిన ఉప్పును దేహముననే నిలుపును. ఉప్పుతో నీరును నిలుచును. వేరొకవంక నాళములను బిగించు నాడులు రేగును. కాలువ లాకులెరిగిన తెనాలివారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు: దిగువ తలుపు దించి ఎగువనుండి నీరు వదలినచో గట్టు సంగతి ఏమగును?

1987లో అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రీవెన్ పండితుడును సహచరులును మామూలు ఎలుకలకు ఫ్రక్టోజు, అనగా పండ్లలోను తేనెలోను ఉండు చక్కెరను, మెండుగా కలిపిన ఆహారము పెట్టిరి. 2 వారములలో రక్తపు పోటు ఇంచుమించు 20 మిల్లీమీటర్లు హెచ్చినది. పరుగులు తీయు అలవాటు చేసిన ఎలుకలకు అదే తిండి పెట్టగా పోటు అంతగా హెచ్చలేదని మరుసటి యేడు ప్రకటించిరి.

ఇంతమాత్రమున ఎలుక చెప్పినదెల్ల వేదమని నేననను. దినములకొలది ఇన్సులినును ఎక్కించిన ఎలుకకు పోటు హెచ్చును, కుక్కకు హెచ్చదు. లెప్టిను బొత్తిగ పుట్టని చిట్టెలుక జాతి యొకటి ఎంత బలిసినను దానికి పోటు హెచ్చదు. కావున కొవ్వు బరువొక్కటే దోషి యనరాదు. కొవ్వునుండి పుట్టి మెదడుద్వారా నాడులను రేపు లెప్టినునకును పాలు గలదు. మనుష్యునియందు ఏది ఎంతవరకో ఇంకను వాదములే. “ఎలుకలలో రుజువైనది” అని చదివి సీసాలు కొనువారిని చూచి జాలిపడవలసినదే.

ఇక మన సంగతి. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబ మసూరి సన్నబియ్యమునకు రుచిలో సాటి లేదు. దానిని నేను నిందింపను. కాని మన తాతలు దంపుడు బియ్యము తిని నాగలి పట్టిరి. మనము మరపట్టిన బియ్యము తిని మోటారుసైకిలెక్కుచున్నాము. పోటు వచ్చినదని వైద్యుడు చెప్పగనే ఆవకాయ జాడీని అటకెక్కింతుము. ఉప్పు తగ్గించుట మంచిదే. ఆ యుప్పును దేహమున పట్టి నిలుపునదేదో విచారింపకున్న అది సగము పని.

నా పట్టుదల బాలబాలికలనుగూర్చి. పదవ తరగతి వచ్చినదని ఆటల గంటను తీసివేసి ప్రత్యేక తరగతులు పెట్టుట తెనాలి మొదలు రేపల్లెవరకు మర్యాదయైపోయినది. తలిదండ్రులే అట్లు కోరుచున్నారు. పోటు ముసలివారి జబ్బని వారి నమ్మకము. బలిసిన పిల్లలయందును అది కానవచ్చుచున్నది. నొప్పి లేదు గనుక కొలిచినగాని తెలియదు. పంజరములోని ఎలుకకైనను పరుగుచక్రము నిచ్చిరి గదా! మన పిల్లలకు ఆ గంటయు లేకుండ చేయుట అన్యాయమని నా యభిప్రాయము.

పాఠశాలలలో ఎత్తును బరువును కొలుచునాడే పోటునుకూడ కొలువవలెను. చేతికి చుట్టు పట్టీ విషయమున మాత్రము జాగ్రత్త యవసరము: పెద్దల పట్టీ సన్ననిచేతికి చుట్టిన కొలత తక్కువగను, చిన్న పట్టీ లావుచేతికి చుట్టిన ఎక్కువగను వచ్చును. రెండుమూడు కొలతల పట్టీలు కొనవలెను. వార్షికోత్సవపు పందిరి ఖర్చులో కొంత తగ్గించిన ఆ సొమ్ము సమకూడును.