గేదెను చూశాను, నిజం చెప్పలేదు



ఈ నెల ఈ శీర్షికలో పాడి గేదె బేరం గురించి రాస్తున్నాను. "అయ్యగారికి వేరే విషయమే దొరకలేదా, పశువుల సంతలో పడ్డారు!" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, ఫరవాలేదు. కాని చివరి వరకు చదవండి. ఇది నా తప్పును నేను ఒప్పుకుంటూ రాస్తున్న సంగతి.

నేను ఇంతకుముందు సేవ చేసిన ఊరిలో మా ఎదురింట్లో ఒక వడ్రంగి ఉండేవారు. ఆయన మన సంఘస్థుడు కాదు. అయినా మా పిల్లలకు జ్వరం వస్తే అర్ధరాత్రి బండి తీసేది ఆయనే. మందిరంలో ప్రసంగ వేదిక ఆయన చేతి పనే. రెడీమేడ్ తలుపులు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక ఆయనకు పని తగ్గింది. ఇంట్లో ఒక పాడి గేదె ఉంటే భార్య చూసుకుంటుంది, నెల గడుస్తుందని ఆశపడ్డారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 80,000 రూపాయలు అప్పు తెచ్చారు.

ఆయనకు కలప సంగతి తెలుసు గాని గొడ్ల సంగతి తెలియదు. మా నాన్నగారు పాడి రైతు అని, నేను గేదెల మధ్య పెరిగానని ఆయనకు తెలుసు. ఒక సాయంత్రం వచ్చి, "అయ్యగారూ, మీరొకసారి వచ్చి చూడండి. మీరు సరే అంటే కొంటాను" అన్నారు. వెళ్ళాను.

అమ్మే రైతు మన సంఘంలోని వారే. మందిరం ప్రహరీ గోడకు సిమెంటు ఇస్తానని ఆ వారమే మాట ఇచ్చారు. గేదె చూడటానికి నల్లగా నిగనిగలాడుతూ ఉంది. పూటకు అయిదు లీటర్లు, రోజుకు పది లీటర్లు ఇస్తుందన్నారు. నేను వంగి పొదుగు తడిమాను. ఎడమ వెనక చన్ను వైపు భాగం మిగతా మూడింటికన్నా చిన్నగా, చేతికి గట్టిగా తగిలింది. ఎప్పుడో పొదుగువాపు వచ్చి తగ్గిన గుర్తు అది. అయినా పొదుగు మొత్తం బిర్రుగా ఉంది. పొద్దుటి పాలు తీయకుండా ఆపారేమోనని అనుమానం వచ్చింది.

వడ్రంగి నా ముఖం వైపు చూశారు. రైతు కూడా నా ముఖం వైపే చూశారు. నేను లేచి చేతులు దులుపుకుని, "మంచి గేదెలాగే ఉంది. ప్రార్థన చేసుకుని కొనుక్కోండి" అన్నాను.

ప్రియులారా, ఆ మాటలో ప్రార్థన ఉంది, నిజం లేదు. దేవుని పేరు చెప్పి నా పిరికితనాన్ని కప్పుకున్నాను.

మూడవ రోజుకే ఆ గేదె అసలు పాడి తెలిసింది. రోజుకు ఆరు లీటర్లు. లీటరుకు 50 రూపాయల చొప్పున నాలుగు లీటర్ల తేడా అంటే రోజుకు 200, నెలకు 6,000 రూపాయలు. నెల తిరిగేసరికి వడ్డీ 1,600 మాత్రం తప్పదు. రెండవ నెలలో ఆ వెనక చన్ను మళ్ళీ వాచింది. పశువైద్యుడు వచ్చి, ఇది పాత జబ్బే, కొనేటప్పుడు ఎవరూ చూడలేదా అని అడిగారట. ఆయన భార్య సగం క్యానుతో పాల కేంద్రానికి రోజూ మా గుమ్మం ముందు నుండే వెళ్ళేది. "వందనాలు అమ్మగారూ" అని నా భార్యను పలకరించేది. ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. వాళ్ళు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

చివరికి ఒక రాత్రి నేనే వెళ్ళాను. "అన్నగారూ, ఆ రోజు నేను పొదుగులో లోపం చూశాను. చూసి కూడా చెప్పలేదు. నన్ను క్షమించండి" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మీరు చూశారని నాకు అనుమానంగానే ఉందండీ. చెయ్యి అక్కడే రెండుసార్లు పెట్టారు. మీరు కలప కొనటానికి నన్ను పిలిస్తే, దూలంలో పుచ్చు ఉంటే నేను చెప్పేవాణ్ణి అయ్యగారూ."

నా సేవలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ ఒక్క మాటంత లోతుగా ఏదీ నాకు తగలలేదు.

గ్రుడ్డివాని యెదుట అడ్డము

లేవీయకాండము 19:14లో ఒక ఆజ్ఞ ఉన్నది. గ్రుడ్డివాని దారిలో అడ్డము వేయకూడదని, దేవునికి భయపడాలని అది చెబుతుంది. నిజంగా చూపులేని మనిషి కాళ్ళ ముందు రాయి పెట్టే దుర్మార్గులు ఎందరుంటారు? ఈ ఆజ్ఞ మనకు వర్తించదని చాలామంది దాటిపోతాము.

11వ శతాబ్దములో ఫ్రాన్సు దేశములో జీవించిన యూదా పండితుడు రాషీ, తనకు ముందున్న బోధకుల మాటను బట్టి ఈ వాక్యమునకు ఇచ్చిన వివరణ ఆలోచింపదగినది. ఇక్కడ గ్రుడ్డివాడంటే ఆ విషయములో ఏమీ తెలియనివాడని ఆయన అంటారు. అలాంటివానికి తగని సలహా ఇవ్వడమే అడ్డము వేయడం. దానికి ఆయన చూపిన ఉదాహరణ కూడా పశువుల బేరమే. పొరుగువాని పొలము మీద కన్నువేసి, "పొలం అమ్మి గాడిదను కొనుక్కో" అని సలహా చెప్పకూడదట.

అదే వచనములో దేవునికి భయపడుమనే మాట ఎందుకు ఉన్నదో కూడా ఆయన చెప్పారు. చెడ్డ సలహా ఇచ్చినవాడు, "నేను మంచికే చెప్పాను" అని తప్పించుకోగలడు. అతని మనసులో ఏమున్నదో మనుష్యులకు తెలియదు. దేవునికి తెలుసు. నా విషయములో జరిగినది సరిగ్గా ఇదే. నేను లోపము చూశానని ఏ పంచాయితీలోనూ ఎవరూ రుజువు చేయలేరు. నా చేతికి తెలుసు, దేవునికి తెలుసు.

పొరుగువాడు తనకు తెలియని సంగతి గురించి మనలను అడిగినప్పుడు, మన కళ్ళను కాసేపు అప్పు అడుగుతున్నాడు. అప్పుడు మన మౌనం కూడా ఒక సలహాయే. ఆయన ఆ మౌనాన్ని నమ్మి డబ్బు చేతిలో పెడతాడు.

రెండవ గేదె

తరువాత నేను మత్తయి 18:15 ప్రకారము ఆ రైతు దగ్గరకు ఒంటరిగా వెళ్ళి మాట్లాడాను. ఆయనకు కోపం వచ్చింది. రెండు నెలలు మందిరానికి రాలేదు. సిమెంటూ రాలేదు. పంట చేతికొచ్చాక మాత్రం వడ్రంగి ఇంటికి 10,000 రూపాయలు పంపారు. నాతో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ గేదె ఒట్టిపోయాక వడ్రంగి దానిని సంతకు తోలుకెళ్ళారు. కొనవచ్చిన వానికి తానే పొదుగు చూపించి, "ఈ చన్ను పాడైంది, చూసుకో" అని చెప్పి అమ్మారు. ధర బాగా తగ్గింది. "నాకు జరిగింది ఇంకొకడికి జరగకూడదు కదండీ" అన్నారు. వాక్యము వినని ఇంటిలో వాక్యము జరగడం ఆ రోజు చూశాను. కాపరినైన నేను సిగ్గుపడ్డాను, దేవుని స్తుతించాను కూడా.

కొన్ని నెలల తరువాత ఆయన మళ్ళీ మా గుమ్మం ఎక్కి, "ఇంకో గేదె చూశాను, వస్తారా?" అని అడిగారు. అంతకంటే పెద్ద క్షమాపణ ఉంటుందా? ఈసారి నేను చెప్పినవీ, మేమిద్దరం చేసినవీ మీకూ పనికివస్తాయని రాస్తున్నాను.

మొదట మీ ఇంటి సంగతి చూసుకోండి. పచ్చిగడ్డి, ఎండుగడ్డి ఏడాది పొడవునా ఎక్కడినుండి వస్తాయి? రెండు లీటర్ల పాలకు సుమారు కిలో దాణా లెక్కన ఖర్చెంత? గేదె ఒట్టిపోయిన నెలల్లో వడ్డీ ఎలా కడతారు? వీటికి జవాబు లేకపోతే "ఇప్పుడు కొనవద్దు" అనడమే మంచి సలహా.

వరుసగా మూడు పూటలు పాలు పిండించి చూడండి. మొదటి పూట పాలను లెక్కలోకి తీసుకోకండి. ముందు పూట పాలు ఆపి ఉంచితే ఆ పూట ఎక్కువ కనబడతాయి. వీలైతే రేపు పాలు తీయబోయే మీ ఇంటి ఆడమనిషే కూర్చుని తీయాలి. సూది మందు వేస్తేనే పాలు చేపే గేదె అయితే అప్పుడే తెలుస్తుంది. అలా పశువు ఆరోగ్యము చెడగొట్టే సూదులు వేసి పాలు పిండటాన్ని 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టము కూడా నేరముగా ఎంచింది.

పాలు తీసిన తరువాత పొదుగు మెత్తబడి ముడతలు పడాలి. గట్టిగా ఉన్న భాగం ఉంటే అనుమానించండి. నాలుగు చన్నుల నుండీ మొదటి ధారలను నల్లని గుడ్డ మీద పిండితే విరుగులు, రక్తపు చారలు బయటపడతాయి.

వయసును కింది దవడ ముందు పళ్ళలో చూడండి. పాలపళ్ళు రాలి జతజతగా ఎనిమిది పెద్ద పళ్ళు వస్తాయి. అవి బాగా అరిగి ఉంటే వయసు మళ్ళినట్టే. రెండవ ఈత, మూడవ ఈత గేదె మేలు. దూడ దానిదేనా, వయసెంత అని అడగండి. దూడ వయసే ఈనిన రోజుల లెక్క చెబుతుంది. చూడిది అంటే నోటిమాట నమ్మక పశువైద్యుని చేత పరీక్ష చేయించండి. చెవికి 12 అంకెల బిళ్ళ ఉంటే, పశువుల ఆసుపత్రిలో నమోదైన టీకాల వివరాలు అడిగి తెలుసుకోవచ్చు.

సలహా చెప్పేవారికి నాలుగు మాటలు

కళ్ళతో చూసిన దానిని, అనుమానపడిన దానిని వేరువేరుగా చెప్పండి. "చన్ను గట్టిగా ఉంది" అనేది చూసిన మాట. "అమ్మేవాడు మోసగాడు" అనేది మన ఊహ. లోపమును అమ్మేవాని ఎదుటనే నెమ్మదిగా చెబితే అది చాడీ కాదు.

ధర తగ్గించడానికి లేని లోపము కల్పించకండి. కొనేవాడు సరుకును తక్కువ చేసి మాట్లాడి, దాటివెళ్ళాక గొప్పలు చెప్పుకోవడం గూర్చి సామెతలు 20:14 హెచ్చరిస్తున్నది. నిజము ఇద్దరికీ చెందవలసినది.

ఆ బేరంలో మీకు లాభముంటే ముందే చెప్పండి. నేను ఆ రోజు, "ఈయన మా మందిరానికి సిమెంటు ఇస్తున్నారు, నా మాట మీదనే ఆధారపడకండి, పశువైద్యునికి చూపించండి" అని అన్నా చాలేది.

చెప్పిన తరువాత నిర్ణయం వారికి వదలండి. మీ మాట వినక కొని నష్టపోతే, "నేను ముందే చెప్పలేదా?" అనకండి. పొదుగుకు మందు రాయడానికి వెళ్ళి సాయపడండి.

ఆ ఊరి మందిరానికి ప్రహరీ గోడ నేను ఉన్నంతకాలం సగమే ఉంది. ఆ సగం గోడ పక్కనుండి వడ్రంగి భార్య నిండు క్యానుతో పాల కేంద్రానికి వెళ్ళడం మాత్రం చూశాను. దేవుడు ఆ రెంటిలో దేనిని చూసి సంతోషించి ఉంటాడో మీరే ఆలోచించండి.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు: ఈ సంవత్సరము మనలను ఎవరైనా సలహా అడిగినప్పుడు తెలిసి ఊరుకున్నామా? ఎవరికి భయపడి? ఇప్పుడైనా వెళ్ళి చెప్పగలిగినది ఏమైనా ఉందా?

ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను, మీ పాడిని దీవించి, మీ నోట నిజము నిలుపును గాక. ఆమేన్.