చూపు దగ్గరే మొదలయ్యే కాపురం

అరకులోయ మన్యంలో కాపురం చెడితే పాత పద్ధతి ఒకటుంది: కులపెద్దలు కూర్చుంటారు, ఓలి (కన్యాశుల్కం) లెక్క తేలుస్తారు, తప్పు (జరిమానా) కట్టిస్తారు, తగవు ముగుస్తుంది. ఆ పద్ధతిలో ఒక మంచి కూడా ఉంది. విడిపోయిన ఆడమనిషి మళ్లీ పెళ్లాడితే గిరిజన సమాజం వింతగా చూడదు. మైదానం వాళ్లు నేర్చుకోవలసిన విషయమే.

చర్చి వచ్చాక కొలత మారింది. కొండమీద ప్రసంగంలో క్రీస్తు వ్యభిచారాన్ని పంచాయితీ దాకా రానివ్వలేదు, చూపు దగ్గరే పట్టుకున్నాడు. హృదయశుద్ధి గలవారు ధన్యులని చెప్పిన మత్తయి సువార్త 5వ అధ్యాయమే, పరస్త్రీని మోహంతో చూసిన మగవాడు మనసులో అప్పటికే తప్పు చేశాడంటుంది. గమనించండి, ఆ హెచ్చరిక మగవాడికి. ఆమె చీరకట్టు గురించి ఒక్క మాట లేదు.

మరి క్రైస్తవుల కోసం చేసిన చట్టం? 1869 నాటి విడాకుల చట్టంలో భార్య వ్యభిచారం ఒక్కటి చాలు, భర్తకు విడాకులు దొరికేవి. భర్త వ్యభిచారం మాత్రం భార్యకు చాలేది కాదు. దానికి క్రూరత్వం, వదిలేసి పోవడం లాంటిదేదో తోడు కావాల్సి వచ్చేది. ఈ తేడా 2001 సవరణతో గానీ పోలేదు. సువార్త చెప్పిన సమానత్వం చట్టంలోకి రావడానికి 132 ఏళ్లు పట్టింది!

2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు భారత శిక్షాస్మృతిలోని 497 సెక్షన్‌ను కొట్టేశాక వ్యభిచారం నేరం కాదు. విడాకులకు కారణంగా మాత్రం మిగిలింది. పోలీసు భయం పోయిన చోట నమ్మకం ఒక్కటే కాపలా. కాబట్టి పాడేరు, అరకు, అనంతగిరి సంఘాల పాస్టర్లు పెళ్లిప్రసంగంలో వధువుకు అణకువ నేర్పడం కాస్త తగ్గించి, వరుడి వైపు తిరిగి ఆ 5వ అధ్యాయం చదవాలి.