వెనక సీటు పిల్లలకే తలనొప్పి ఎందుకు?

గత చలికాలమంతా మా బడిలో మొదటి పీరియడులో ఒకటే మాట: "తల నొప్పిగా ఉంది టీచర్." తినకుండా వచ్చారేమో అనుకున్నాం. రాత్రి పొద్దుపోయేదాకా ఫోను చూశారేమో అనుకున్నాం. ప్రయాణం పడడం లేదని ఒక తల్లి రోజూ పాప చేతిలో నిమ్మకాయ పెట్టి పంపేది. ఒకటో తరగతి టీచరమ్మ రెండు వారాలు పేర్లు రాసి చూస్తేగానీ మాకు అర్థం కాలేదు. నడిచి వచ్చే పిల్లలెవరూ ఆ జాబితాలో లేరు. వ్యానులో ముందు కూర్చునేవాళ్లూ లేరు. ఉన్నవాళ్లంతా వెనక సీటువాళ్లే. మధ్యాహ్నం భోజనం వేళకు వాళ్లకూ తగ్గిపోయేది.

ఆ శనివారం వ్యాను కిందికి దూరి చూశాం. సైలెన్సరుకు ముందుండే పైపు తుప్పు పట్టి, జాయింటు దగ్గర చిటికెనవేలు దూరేంత బొక్క పడింది. చుట్టూ నల్లటి మసి. అంతకుముందెప్పుడో ఎవరో డబ్బా రేకు చుట్టి తీగతో బిగించారు, ఆ రేకు కూడా కాలిపోయింది. సరిగ్గా దాని పైన, వెనక సీటు కింద, వ్యాను అడుగు రేకుకు తుప్పు తిన్న చిల్లులు. లోపల రబ్బరు పట్టా పరిచి ఉంది కాబట్టి ఎక్కి దిగేవాళ్లకు కనబడవు.

డ్రైవరును తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అతను రెండుసార్లు చెప్పాడు, "సౌండు మారింది సార్, పైపు మార్చాల" అని. "ఎఫ్‌సీకి పోయే ముందు చూద్దాంలే" అన్నది మేమే, అంటే బడి నడిపేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం, కమిటీలో కూర్చునే తల్లిదండ్రులం.

ఎందుకన్నామో ఈ పేజీ చదివేవాళ్లకు వేరే చెప్పక్కరలేదు. కృష్ణగిరి జిల్లా పల్లెల్లో తెలుగు బడికి పిల్లలు వాళ్లంతట వాళ్లు రారు. వేసవిలో ఇల్లిల్లూ తిరిగి అడగాలి. "వ్యాను వస్తుందా?" అన్నది తల్లులు అడిగే మొదటి ప్రశ్న. పుస్తకాలు, టీచర్లు ఆ తర్వాతే. వ్యాను మూడు రోజులు ఆగితే, అదే గడప ముందు ఇంగ్లీషు మీడియం బడి బస్సు ఆగుతుంది. నలుగురు పిల్లలు తగ్గితే సెక్షను ఉంటుందో ఉండదో. ఈ భయంతోనే పాత వ్యానును లాక్కొస్తున్నాం. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పటి నుంచి మన భాష కోసం ఎన్ని అర్జీలు పెట్టామో, ఎన్ని ఆఫీసుల మెట్లెక్కామో! ఒక పైపు మార్చడానికి మాత్రం మాకు తీరిక దొరకలేదు.

ఆ బొక్కలోంచి వచ్చేది ఉత్త పొగ అయితే ఇంత చెప్పేవాళ్లం కాదు. పెట్రోలు, గ్యాసు బండ్ల పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం, మగత దాని లక్షణాలు. అచ్చం ప్రయాణం పడనివాళ్లకు ఉన్నట్టే ఉంటుంది, అందుకే నిమ్మకాయ దగ్గర ఆగిపోయాం. పిల్లలు పెద్దవాళ్లకంటే వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి త్వరగా లోనవుతారు. మంచి గాలిలోకి వచ్చాక కూడా ఒంట్లోది సగం పోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. డీజిలు పొగలో ఈ వాయువు తక్కువే గాని, మసి ఎక్కువ. డీజిలు పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. కనుక మాది డీజిలు బండే కదా అని ఊరుకోవద్దు.

ఎవరైనా పిల్ల వ్యానులో మగతగా వాలిపోతే వెంటనే దించి గాలి తగిలేచోటికి తీసుకుపోవాలి, ఆసుపత్రికి చేర్చాలి, బండి పొగ పీల్చి ఉండవచ్చని డాక్టరుకు మనమే చెప్పాలి. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు అంతా బాగానే ఉన్నట్టు చూపించవచ్చు. అది ఈ వాయువును ఆక్సిజన్‌గానే లెక్కపెడుతుంది.

కిటికీలు తీస్తే సరిపోతుందని మాలో ఒకరన్నారు. అన్నీ తీస్తే కొంత మేలే. కానీ వెనక అద్దమో తలుపో ఒక్కటే తెరిస్తే, పరుగెత్తే బండి వెనక గాలి సుడి తిరిగి పొగనే లోపలికి లాగుతుంది. మా వ్యాను వెనక తలుపు సరిగా పడక తాడుతో కట్టి ఉండేది.

"పీయూసీ ఉంది కదా" అన్న మాట కూడా వచ్చింది. ఆ పరీక్షలో గొట్టం పెట్టేది పైపు చివరన. మధ్యలో బొక్క ఉంటే పొగ అక్కడే పోతుంది, బయటి గాలి లోపల కలుస్తుంది. చివరన వచ్చే అంకెను నమ్మలేం. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏడాదికోసారి. మిగతా రోజులు కింద ఏముందో మనమే చూసుకోవాలి. 2012 జూలైలో చెన్నై శివారులో రెండో తరగతి పాప బడి బస్సు అడుగున ఉన్న రంధ్రంలోంచి రోడ్డుమీద పడి చనిపోయింది. మద్రాసు హైకోర్టు ఆ సంగతిని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆ ఏడాదే తమిళనాడులో బడి బస్సులకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. మా వ్యాను రబ్బరు పట్టా ఎత్తినప్పుడు మా అందరికీ ఆ పాపే గుర్తొచ్చింది. ఎవరమూ పైకి అనలేదు.

బడి వ్యానుకు ఈ రోగం ఎక్కువగా రావడానికి కారణం ఉంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరం పోయే బండిలో పైపు బాగా వేడెక్కి ఆ తడి బయటికి పోతుంది. ఇంటింటికీ ఆగుతూ నాలుగు మైళ్లు తిరిగి ఆగిపోయే మన వ్యానులో అది సైలెన్సరులోనే నిలిచి లోపలినుంచి తినేస్తుంది. పైన రంగు వేస్తే ఏమీ ఆగదు. యానాం, బరంపురం వైపు ఉప్పుగాలి దీనికి తోడు.

మెకానిక్ షెడ్డులో పుట్టీ పూసి పట్టీ చుట్టి ఇస్తామన్నారు. అది బండిని షెడ్డుదాకా ఖాళీగా తోలుకుపోవడానికి పనికొస్తుంది, పిల్లల్ని ఎక్కించడానికి కాదు. వెల్డింగు గట్టి లోహానికి పట్టుకుంటుంది. తుప్పుతో పలచబడిన రేకుకు వేస్తే పక్కనే ఇంకో బొక్క పడుతుంది. అందుకే ఆ ముక్క మొత్తం మార్పించాం, దానితోపాటు గాస్కెట్లు, వేలాడదీసే రబ్బర్లు. ఇంకో షెడ్డులో కేటలిటిక్ కన్వర్టరు కోసేసి ఉత్త పైపు వేస్తే చవకలో పోతుందన్నారు. విషవాయువును తగ్గించేదే అది. వద్దన్నాం. అడుగు రేకు టింకరింగు చేయించాం, అసలు ఖర్చు అక్కడే అయింది.

వ్యాను నాలుగు రోజులు ఆగింది. ఖర్చులో బడి సగం పెట్టుకుంది, తక్కినది ఇంటికి మూడు వందల చొప్పున పంచాం. ఒక ఇంటివాళ్లు ఇవ్వలేమన్నారు, సరే అన్నాం. ఇద్దరు పిల్లలు వేరే బడికి పోయారు. తిరిగి రాలేదు. అది మాకు చిన్న దెబ్బేమీ కాదు. అయినా బొక్క పడిన పైపుతో ఒక్క పూట కూడా పిల్లల్ని ఎక్కించకూడదనే మా మాట. మన బడి పేరు చెప్పి ఏ కమిటీ అయినా "ఈ నెల గడవనీ" అంటే, కమిటీవాళ్లనే ఆ వెనక సీటులో కూర్చోబెట్టి ఊరంతా తిప్పమనండి.

ఇప్పుడు నెలకోసారి మేమే చూస్తున్నాం. పొద్దున చల్లటి ఇంజను ఆరుబయట స్టార్టు చేసి, మందపాటి గుడ్డతో పైపు చివర రెండు మూడు క్షణాలు అదిమితే, బొక్క ఉన్నచోట బుస్సుమంటుంది. ఇంజను ఆపాక టార్చితో జాయింట్ల దగ్గర మసి కోసం వెతుకుతాం. పట్టా ఎత్తి అడుగు చూస్తాం. పది నిమిషాల పని. టీచరమ్మ తలనొప్పి జాబితా ఇంకా రాస్తూనే ఉంది. పోయిన నెలలో రెండు పేర్లున్నాయి, ఇద్దరూ నడిచి వచ్చేవాళ్లే.

మళ్లీ చూసేది వచ్చే మొదటి శనివారం. వచ్చే తల్లిదండ్రులు పాత దుప్పటి ఒకటి తెచ్చుకోండి, నేలమీద పడుకోవాల్సి ఉంటుంది.