స్త్రీరత్నములు: మహలఖాబాయి చందా

ఈ మాసము మేము సోదరీమణులకు పరిచయము చేయదలచినది మహలఖాబాయి చందా యను విదుషీమణిని. హైదరాబాదు పాతనగరమున, నిజాముల కొలువులో, ఆమె పాడినది, ఆడినది, కవిత చెప్పినది, గ్రంథములు సేకరించినది, దేశచరిత్ర వ్రాయించినది. ఆమె పేరు వినినతోడనే కొందఱు, “ఆమె వేశ్య గదా, సంసారులు చదువుకొను పత్రికలో నామె ప్రసక్తి యేల?” యని యడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధాన మామె యింటి కథలోనే కలదు.

చందా యమ్మమ్మ గుజరాతు ప్రాంతపు గృహిణి. భర్త చిక్కులలో బడి యిల్లు విడిచి పోగా, ఆమె చిన్న బిడ్డలతో వీధిన బడెను. బంధువులు చేరదీయలేదు. తుదకు భగతియ లను ఆటపాటలవారు వారికి కూడుపెట్టి నీడనిచ్చిరి. బిడ్డలు వారి విద్యయే నేర్చిరి. ఆ బిడ్డలలో నొకతె రాజ్‌కన్వర్‌బాయి. ఆమె కాలక్రమమున దక్కనుకు వచ్చి హైదరాబాదు చేరెను. మగడు విడిచిన యిల్లాలి సంతతికి లోకము తెఱచి యుంచిన ద్వార మదియొక్కటే. ఇందు తప్పెవ్వరిదో సోదరీమణులే విచారింతురు గాక.

రాజ్‌కన్వర్‌బాయికి 1768వ సంవత్సరమున చందా జన్మించెను. తల్లి గర్భవతియై మౌలాలీ కొండకు యాత్ర పోయినపుడు గర్భస్రావ భయము కలుగగా, ఆ కొండపై నున్న హజ్రత్ అలీ దర్గా ప్రసాదముచే శిశువు నిలిచెనని చెప్పుదురు. జీవితాంతమును చందా యా కొండను మఱువలేదు. ఆమె యక్క మెహతాబ్‌కన్వర్, రాజ్యమున ప్రధానమంత్రియైన రుక్నుద్దౌలా యంతఃపురమున నుండెను. ఆమెకు సంతానము లేమి చందాను తన బిడ్డగా పెంచుకొనెను. అట్లు మంత్రి యింట నా బాలికకు గొప్ప గ్రంథాలయమును, మంచి గురువులును లభించిరి. విలువిద్య, గుఱ్ఱపుస్వారి సైత మామె నేర్చెను. రెండవ నిజాము నిజాం అలీఖాను దండయాత్రలకు వెడలినపు డామెయు పురుషవేషమున వెంట నుండెనని చరిత్రకారులు వ్రాసియున్నారు.

ఇక సంగీతము. ఆమె గురువు ఖుష్‌హాల్ ఖాను, కవినామము ‘అనూప్’. ఢిల్లీ మొగలు కొలువున పాడిన కలావంతుల సంప్రదాయము వారిది. ఢిల్లీ చితికిపోగా గాయకులు పలువురు దక్కను చేరిరి. ఖుష్‌హాల్ ఖాను పాడుటతో తనివి నొందక, రాగముల లక్షణములను వివరించుచు ‘రాగదర్శన్’ మొదలగు గ్రంథములను వ్రాసెను. ఆయన 1833, 1836 సంవత్సరముల నడుమ రచించిన ‘రాగరాగిణీ రోజ్ ఓ షబ్’ అను సంగ్రహముయొక్క వ్రాతప్రతి మూసీనది యొడ్డున పాతనగరమున నున్న సాలార్‌జంగు మ్యూజియము గ్రంథాలయమున నేటికిని భద్రముగ నున్నది. గురువు నోటివిద్యను కాగితమున కెక్కించుట శిష్యురాలు చూచినది. చూచి తానును అట్లే చేసినది.

1798వ సంవత్సరమున నామె తన ఉర్దూ గజళ్లు 125 ఏర్చి యొక దివానుగా కూర్పించెను. ఒక్కొక్క గజలునకు అయిదేసి ద్విపదలు. ప్రతి గజలు తుదను హజ్రత్ అలీ స్మరణ యుండును. ఉర్దూలో దివాను సంతరించిన తొలి స్త్రీ యీమెయేయని చాలకాల మనుకొనిరి. పిమ్మట దక్కనుననే లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ అను వేఱొక స్త్రీ దివాను కొంచెము ముందుదని తేలినది. ఒకే నగరమున, ఒకే కాలమున ఇద్దఱు స్త్రీలు! ఇది మహలఖాబాయికి లోపము గాదు, దక్కను స్త్రీలకు గర్వకారణము. 1799లో ఆమె తన దివాను ప్రతి నొకదానిని ఆంగ్లేయాధికారి జాన్ మాల్కముకు స్వయముగ కానుక యిచ్చెను. ఆ ప్రతి లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నేటికిని కలదు.

కొలువున బిరుదులు, జాగీరులు పొందిన స్త్రీ యామె. ‘మహలఖా’ యనగా చంద్రవదన. రాజకార్యములందును ఆమె యాలోచన నడుగుచుండిరి. ఆ ధనముతో నామె యేమి చేసెను? పండితులను పోషించెను, గ్రంథములు సేకరించెను, గులాం హుసేన్ జౌహర్ అను చరిత్రకారునిచే ‘మాహ్‌నామా’ యను దక్కను చరిత్రమును వ్రాయించెను, బాలికలను చేరదీసి సంగీత నృత్యములు నేర్పించెను. తన యమ్మమ్మవలె నిలువనీడ లేని స్త్రీలకై తన యాస్తిని విడిచెనని చెప్పుదురు. 1792లో తల్లి గతింపగా మౌలాలీ కొండ పాదమున తోటయు సమాధియు కట్టించెను. 1824లో తానును తల్లి ప్రక్కనే విశ్రమించెను. పాడువడిన యా తోటను 2010వ సంవత్సరము మొదలు అమెరికా ప్రభుత్వపు ధనసహాయముతో బాగుచేసిరి.

ఇన్ని నిలిచినను ఆమె కంఠము మాత్రము నిలువలేదు. ఏ స్వరమును సాగదీసెనో, ఏ మాటకడ నాగెనో తెలుపు సాధనము లేదు. ఫోనోగ్రాపు వచ్చునప్పటి కామె గతించి యర్ధశతాబ్దికి పైగా నాయెను. ఆ సంగీతమునుగూర్చి నేడు మనకు తెలిసినంతయు గురువు వ్రాతలవలన, ఆమె వ్రాయించిన వాటివలనను తెలిసినదే. పాట గాలిలో కలియునని యెఱిగి, మిగుల్చుకొనదగినది మిగుల్చుకొనిన వివేకము ఆమెది.

మన తెలుగున నిట్టి కథ మఱొకటి లేకపోలేదు. తంజావూరు ప్రతాపసింహుని కొలువున ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ వ్రాసెను. ఆమెయు గణికయే. ఆ గ్రంథమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి ముద్రింపించిరి. 1911లో ప్రభుత్వము దానిని నిషేధించెను. 1947లో గాని యా నిషేధము తొలగలేదు. భోగము మేళములను మాన్పవలెనని పోరాడిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదలగు సంస్కర్తలు స్త్రీల మేలే కోరిరి. ఆ వృత్తిలోని దైన్యము నిజము. కాని దైన్యమును తొలగించు తొందరలో విద్యనుగూడ వీధిలో పాఱవైచితిమి. తరువాత నా సంగీతమే మన కుమార్తెలకు గౌరవప్రదమైన విద్య యయ్యెను. నేర్పినవారి పేళ్లను మాత్రము మఱచితిమి.

కాన సోదరీమణులకు మా మనవి రెండు మాటలు. మీ యింట అత్తగారో, అమ్మమ్మగారో పాడు మంగళహారతులు, తలుపుదగ్గరపాటలు, బతుకమ్మపాటలు, విసురురాతి పాటలు గలవు గదా. వాటి నొక పుస్తకమున వ్రాసికొనుడు. ఎవరివలన నేర్చిరో వారి పేరును, ఊరును ప్రక్కన వ్రాయుడు. కంఠమును పట్టియుంచు యంత్రము నేడు చేతిలోనే యుండును గనుక పాడించి దాచికొనుడు. అంతటి విదుషికే లభింపని భాగ్య మది. పెద్దవారు రేపు పాడుదు మన్నను నేడే యడుగుడు.

హైదరాబాదున నుండువారు సెలవుదినమున చార్మినారు చూచి వచ్చుటతో సరిపుచ్చక, పిల్లలను మౌలాలీ తోటకును గొనిపోవుడు. తల్లీకూతుళ్ల సమాధులు చూపి, ఆ యింటి యమ్మమ్మ కథతో మొదలిడి చెప్పుడు.