వార్డెను చేసిన సంతకం

పార్లమెంటు స్థాయీ సంఘాల నివేదికలు సభ ముందుకు వచ్చిన కొన్నాళ్లకే గ్రంథాలయపు అరలలో విశ్రమించడం రాజధానిలో మామూలే. ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికకు ఆ గతి పట్టి ఉండవలసింది కాదు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలనకు వచ్చిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉండగా, 2,763 పత్రాలపై ఉన్నవి వసతి గృహాల వార్డెన్ల సంతకాలని ఆ నివేదిక చెబుతున్నది.

పూర్వాపరాలు క్లుప్తంగా ఇవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు వేసే పథకం 2009 జులైలో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో మొదలైంది. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని చేపట్టాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇటువంటిదే జరిగింది. ఖమ్మంలో టీకా పొందిన సుమారు 14,000 మంది బాలికలలో ఆశ్రమ పాఠశాలలలో చదువుకునే గిరిజన బాలికలు పలువురు ఉన్నారు. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఆందోళన చేసిన మీదట 2010 ఏప్రిల్‌లో కేంద్రం పథకాన్ని నిలిపివేసింది.

ఆ కాలంలో రెండు రాష్ట్రాలలో ఏడుగురు బాలికలు మరణించారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని కేంద్రం నియమించిన విచారణ సంఘం తేల్చింది. ఆ నిర్ణయాన్ని నేను కాదనడం లేదు. అయితే చాలామంది పెద్దలు అక్కడితోనే చర్చ ముగిసిందనుకున్నారు. హాని జరగలేదు కనుక తప్పు జరగలేదన్నది వారి తర్కం. యజమానికి తెలియకుండా తలుపు తెరిచి లోపలికి వచ్చినవాడు ఏమీ ఎత్తుకుపోలేదు గనుక నిర్దోషి అనడం వంటిదే ఇది. సూది మందు మేలు చేసినా సరే, ఆ తల్లిదండ్రులను అడగనవసరం లేదనుకున్న క్షణంలోనే అవమానం జరిగిపోయింది.

వైద్యనీతిలో ‘మానవ గౌరవం’ అన్న మాట నిరర్థకమని అమెరికన్ తత్వవేత్త రూత్ మాక్లిన్ 2003లో వాదించారు. రోగి స్వేచ్ఛా నిర్ణయాన్ని మన్నిస్తే చాలు, అంతకు మించి ఆ మాటలో సారం లేదన్నారు. పదునైన వాదమే. కాని ఖమ్మం బాలికలకు అది అక్కరకు రాదు. పన్నెండేళ్ల పిల్లకు స్వయంనిర్ణయాధికారం చట్టరీత్యా లేదు. ఆ అధికారం గల తండ్రి అడవి అంచున ఎక్కడో గూడెంలో ఉన్నాడు. నిర్ణయించుకోగల శక్తి లేనప్పుడు కూడా మనిషికి మిగిలి ఉండేదేదో దానినే మన రాజ్యాంగ పీఠిక వ్యక్తి గౌరవమని పిలిచింది. ఢిల్లీలో ఉన్నత కుటుంబాల పిల్లలు చదివే ఏ పాఠశాల ప్రధానోపాధ్యాయుడైనా ఇంటికి కబురు పంపకుండా వందలాది పిల్లలకు టీకా వేయించగలడా? మరునాటి ఉదయానికి గేటు ముందు కార్లు బారులు తీరవూ!

ఇదే జబ్బు విషయంలో ఈ రాజధానికీ ఒక పాత మచ్చ ఉంది. 1976లో ఆరంభమై పుష్కర కాలం సాగిన ఒక అధ్యయనంలో, గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు దారితీయగల మార్పులున్న వెయ్యిమందికి పైగా స్త్రీలను, జబ్బు ఎట్లా ముదురుతుందో చూడడానికి, చికిత్స చేయకుండా పరిశీలనలో ఉంచారు. నిర్వహించింది వైద్య పరిశోధన మండలికి చెందిన సంస్థే. వారి నుంచి లిఖితపూర్వకమైన అంగీకారం తీసుకోలేదు. 1997లో సంగతి బయటపడి గగ్గోలు పుట్టింది. 2000లో మండలి నైతిక మార్గదర్శకాలు వెలువరించింది. ఆ మార్గదర్శకాలు అమలులో ఉండగానే, అదే మండలి భాగస్వామ్యంతో ఖమ్మం పథకం నడిచింది. ఒకటి మందు ఇవ్వకపోవడం, రెండవది మందు ఇవ్వడం. రెంటిలోనూ అవతలి మనిషి లెక్కలోకి రాలేదు.

ఖమ్మంలో జరిగినది ‘పరిశోధన’ కాదనీ ‘ప్రదర్శన పథక’మనీ నిర్వాహకులు చెప్పుకున్నారు. పేరు మారితే బీమా, దుష్ఫలితాల నమోదు వంటి బాధ్యతలు తేలికవుతాయి. స్థాయీ సంఘం ఈ వాదనను అంగీకరించలేదు. ఈ వ్యవహారంపై దాఖలైన పిటిషన్ల సందర్భంలోనే, పార్లమెంటరీ సంఘాల నివేదికలను న్యాయస్థానాలు పరిగణనలోకి తీసుకోవచ్చునని 2018 మే 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. రాజ్యాంగ పండితులకు అది పండుగే. టీకా వేయించుకున్న బాలికల పేర్లు ఆ చర్చలో ఎవరికీ గుర్తు రాలేదు.

2019 నాటి కొత్త నిబంధనలు, బలహీన వర్గాలవారిపై జరిగే కొన్ని పరీక్షలలో అంగీకారాన్ని దృశ్యరూపంలో నమోదు చేయాలంటున్నాయి. మంచిదే. అయితే కెమెరా ముందు తల ఊపినవాడికి విషయం బోధపడిందో లేదో కెమెరా చెప్పలేదు. ఈ టీకా ప్రయోజనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మన దేశంలోనే తయారైన టీకాకు 2022లో అనుమతి కూడా లభించింది. అది మన్యంలోని ఆడపిల్లలకు తప్పక అందవలసిందే. అందించడానికి వెళ్లే ఆరోగ్య కార్యకర్త కోయ భాష తెలిసిన మనిషై ఉండాలి. 2009 నాటి సంగతి తల్లులు అడుగుతారు. వారికి జవాబు చెప్పేంత తీరిక ఆమెకు ఉండాలి. ‘మాకు వద్దు’ అని ఎవరైనా అంటే, ఆ మాట రాసుకోవడానికి ఆమె చేతిలోని పత్రంలో ఒక గడి కూడా ఉండాలి.