సంతకం వాళ్లది, కోత మన సెరువుది

నౌపడ అనగానే అందరికీ ఉప్పే గుర్తొస్తాది. ఉప్పుకి యూరప్‌తో పెద్ద పని లేదు. ఈ తీరంలో పెంచే రొయ్యకి ఉంది. సెరువు గట్టు మీద ఏజెంటు సెప్పే కౌంటు రేటులో, మనం సంతకం పెట్టని ఒప్పందాల కోత కూడా ఉంతాదని నానంటాను.

ఈక్వడార్ 2017 జనవరి 1న యూరప్ యూనియన్‌తో వాణిజ్య ఒప్పందంలో చేరింది. వియత్నాం ఒప్పందం 2020 ఆగస్టు 1న అమల్లోకొచ్చింది. వాళ్ల పచ్చి రొయ్యకి అక్కడ సుంకం సున్నా. మన వనామీకి 4.2 శాతం, ఉడికించి పంపితే 7.

4.2 అంటే యేటుందిలే అనుకోకండి. వంద రూపాయల సరుకు మీద 4 రూపాయల 20 పైసలు. అది ఎవరు భరించాలి? పక్కనే సున్నా సుంకం సరుకుంటే యూరప్ వాడు ఎక్కువెందుకిస్తాడు? ఓడ కిరాయి తగ్గదు, ప్లాంటు ఖర్చు తగ్గదు. మేత, సీడు, కరెంటు బిల్లు మరీ తగ్గవు. ఇక కొయ్యడానికి మిగిలింది సెరువు కాడ రేటే. జాకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త 1950లోనే దీనికి పేరెట్టాడు: వ్యాపారం దారి మళ్లడం. సవకగా పండించినోడికి కాదు, పన్ను లేనోడికి బేరం పోతాది.

అలాగని నేరమంతా సుంకం మీద తోసెయ్యలేం. యాంటీబయోటిక్ అవశేషాల భయంతో 2016 నించి యూరప్ మన కన్‌సైన్‌మెంట్లలో సగం పరీక్ష సేస్తంది. అది మన సేతుల్లో పనే, ఏ ఒప్పందమూ దాన్ని కడగదు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు అసలు దెబ్బ తెలిసింది. యూరప్ వైపు తిరుగుదామంటే అక్కడ సున్నా సుంకమోళ్లు ముందే పీటేసుకు కూకున్నారు. ప్రతి ఒప్పందంలోనూ దూరిపోమని నాననను. 2019 నవంబరులో ఆర్‌సెప్ నించి బయటికొచ్చినప్పుడు మన పాడిరైతు ఊపిరి పీల్చుకున్నాడు. కాని బయటుండడానికీ ఓ ఖరీదుంది, దాన్ని ఎవరూ లెక్క కట్టి సెప్పరు.

యూరప్‌తో మన చర్చలు ముగిశాయని 2026 జనవరి 27న ప్రకటించారు. అమల్లోకొచ్చి సుంకం పోయిన రోజున ఆ 4 రూపాయల 20 పైసలు గట్టు దాకా వొస్తాయా, ప్లాంటు గేటు కాడే ఆగిపోతాయా? కౌంటు రేట్ల మీటింగు పెట్టినప్పుడు ఎగుమతి ధర, సుంకం, సెరువు రేటు మూడూ పక్కపక్కనే రాసి బోర్డు మీద అంటించమని మన రైతులు ఇప్పుడే అడగాలి.