చంటిబిడ్డతో ప్రయాణము

రైలుపెట్టెలో చంటిబిడ్డ ఏడ్చినప్పుడు చుట్టునున్న పదిమంది తలలును ఒక్కసారిగా తల్లివైపు తిరుగును. బిడ్డ ఏల ఏడ్చుచున్నాడో తెలిసికొనవలెనని కాదు. ఎప్పుడు ఊరకుండునో తెలిసికొనవలెనని. ఆ చూపులలోని భావ మొక్కటే: ఇంత పసికందును తీసికొని ప్రయాణము చేయనేల? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది.

మనదేశమున చంటిబిడ్డతో ప్రయాణము విలాసము కాదు. తొలికాన్పు పుట్టింట జరుగవలెనన్నది మనవారి మర్యాద. కాన్పైన మూడవనెలలోనో, ఐదవనెలలోనో బిడ్డ నెత్తుకొని, సారెతో తల్లి అత్తవారింటికి మరలవలెను. అనగా, మెడ చక్కగా నిలువకముందే ఆ పసివాడు బాటసారి యగుచున్నాడు. పక్కబట్టలలో వేపరెమ్మయు ఇనుపముక్కయు ఉంచి, బుగ్గపై దిష్టిచుక్క పెట్టి అమ్మమ్మ సాగనంపును. ఆమె చేయగలిగిన రక్షణ వీధిగుమ్మముతో సరి. తరువాతి భారమంతయు తల్లిది. ఇక పాలమూరునుండి, శ్రీకాకుళమునుండి కూలికై దూరదేశములకు పోవు కుటుంబములకు ఆచారముతో పనిలేదు. ఆకలియే వారిని బయలుదేరదీయును. రిజర్వేషను లేని పెట్టెలలో, మూటల నడుమ, వారి పసివారు నిద్రించుట మనము చూచుచునే యున్నాము.

పెద్దవాని ప్రయాణమునకు ఒక సంచి చాలును. మూరెడు లేని శిశువునకు అరడజను పొత్తిగుడ్డలు, మార్పుబట్టలు, దుప్పటి, జ్వరపుమందు, తడిసిన గుడ్డలకు వేరొక సంచి. కొంచెము పెరిగినవాడైనచో ఉగ్గుగిన్నెయు, వేడినీళ్ల ఫ్లాస్కును. ఇవన్నియు సర్దుకొనుటతో కష్టము తీరదు, అక్కడనే మొదలగును. తల్లికి చేతులు రెండే. ఒకచేత బిడ్డ, ఇంకొకచేత సంచి. బస్సు ఎక్కునప్పుడు కమ్మిని పట్టుకొనుటకు మూడవచేయి ఏది? తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది. సంతోషింపదగినదే. కాని తగ్గినది టిక్కెట్టు వెల మాత్రమే. మెట్టు ఎత్తు తగ్గలేదు, త్రొక్కిసలాట తగ్గలేదు.

రైలులో అయిదేండ్లలోపు బిడ్డకు, వేరుగా బెర్తు అడుగనిచో, టిక్కెట్టు అక్కరలేదు. అది ఉదారతయే, కాని టిక్కెట్టు లేనివానికి చోటును లేదు. ఇరుకైన బల్లపై బిడ్డను గోడవైపు పరుండబెట్టి, తాను అంచున ఒరిగి, రాత్రియంతయు తల్లి మెలకువగానే యుండును. 2022 మే నెలలో లక్నో మెయిలులో క్రింది బెర్తులకు చేర్చి శిశువులకై రెండు చిన్న మడత బెర్తులను ప్రయోగాత్మకముగా అమర్చిరి. మనదేశమున ప్రయాణికుల రైలు మొదట నడిచినది 1853లో! మన తల్లులు అంతవరకు వేచియుండలేదు. పాతచీరను రెండు పైబెర్తుల నడుమ కట్టి ఊయల వేయుట వారెప్పుడో కనిపెట్టిరి.

ఇంకొక కష్టమున్నది, దానిని స్త్రీలు పైకి చెప్పరు. మరుగుదొడ్డికి పోవలసివచ్చినచో బిడ్డను ఎవరికి అప్పగింపవలెనో తెలియక, పలువురు తల్లులు ప్రయాణమున నీళ్లు త్రాగుటయే మానుకొందురు. ఆరునెలలు నిండువరకు శిశువునకు తల్లిపాలు తప్ప నీరుకూడ అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా, ఆ పెట్టెలో బిడ్డకు అన్నమును నీరును తల్లియే. ఆ తల్లి దాహముతో కూర్చుండును! పాలిచ్చుటకు కొంగు సర్దుకొన్నచో తేరిచూచువారు కొందరు, మొగము చిట్లించువారు కొందరు. వీరి నడుమ ఆమె ముడుచుకొని గోడవైపు తిరుగును.

నేను నీతిమంతుడనై ఈ మాటలు చెప్పుటలేదు. నలుబదియేండ్ల క్రిందట, ఉపాధ్యాయుడనైన క్రొత్తలో, ఒక రాత్రి రైలులో పరీక్షపత్రములు దిద్దుకొనుచుంటిని. ఎదుటిబల్లపై ఒక బిడ్డ ఎడతెగక ఏడ్చుచుండెను. “ఏమమ్మా, కాస్త ఊరుకోబెట్టరాదా?” అని విసుగుకొంటిని. ఆమె మారుపలుకక బిడ్డను భుజాన వేసికొని లేచిపోయినది. నేను పని ముగించి హాయిగా నిద్రించితిని. తెల్లవారుజామున మొగము కడుగుకొనబోగా, మరుగుదొడ్డి ప్రక్క తలుపువద్ద, చలిగాలిలో, ఆమె ఇంకను నిలుచుండియే యున్నది. బిడ్డ భుజముపై నిద్రించుచున్నాడు. “ఇప్పుడే పడుకున్నాడు బాబూ, లోపలికి తెస్తే మళ్లీ లేస్తాడేమోనని...” అన్నది, తానే తప్పుచేసినదానివలె. ఆ రాత్రి పిల్లల పత్రములలో ఎన్ని తప్పులను ఎఱ్ఱసిరాతో గుర్తించితినో! నా తప్పును గుర్తించువారు ఎవ్వరును లేకపోయిరి.

తక్కినవారికి నిద్ర అక్కరలేదా యని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పెట్టెలో రోగులుందురు, మరునాడు పరీక్ష వ్రాయవలసినవారుందురు. రెండు మూడేండ్ల పిల్లలను పెట్టెయంతయు పరుగెత్త విడిచి, తాము ఫోనులలో మునిగియుండు తలిదండ్రులును ఉన్నారు. వారిని నేను సమర్థింపను. నడకనేర్చినవానికి గంటలకొలది కూర్చుండుట శిక్షయే. కనుక కిటికీ చూపుచు, కథ చెప్పుచు, పెద్దస్టేషనులో దింపి నడిపించుచు వానిని ఏమరించుట పెద్దలపని. కాని నడకనేర్చినవాని అల్లరి వేరు, చంటిబిడ్డ ఏడుపు వేరు. మొదటిది అదుపుచేయదగినది, రెండవది భాష. ఆకలి, తడి, ఉక్క, కడుపునొప్పి, అన్నిటికి వానికి గల మాట అదొక్కటే. అంతేకాదు, చూపులన్నియు తల్లిమీదనే ఏల? ప్రక్కనే కూర్చుండి పత్రిక చదువుకొను తండ్రిని అడుగువారేరి?

ఉపాధ్యాయ సోదరులారా, ప్రసూతిసెలవు ముగిసినతోడనే బిడ్డనెత్తుకొని పల్లెబడికి బస్సులో పోవు సోదరీమణులు మనలోనే యున్నారు. తొలిగంటకు ఐదు నిమిషములు ఆలస్యమైనప్పుడు వారిని గడియారము చూపి మందలించుటకు ముందు, వారు ఎక్కివచ్చిన మెట్టును తలంచుడు. విద్యార్థులారా, మీరు చేయవలసినది గొప్ప త్యాగమేమియు కాదు. బస్సు ఎక్కు తల్లి చేతిలోని సంచిని అందుకొనుడు. మీకు క్రిందిబెర్తు వచ్చియున్నచో ఆమెకిచ్చి మీరు పైకెక్కుడు. బిడ్డ ఏడ్చినప్పుడు చూపు మరల్చుకొనుడు. “సామాను నేను చూస్తుంటానమ్మా, మీరు వెళ్లి రండి” అనుడు. ఈ ఒక్క మాట ఆనాడు నా నోట వచ్చియున్నచో, ఆ తల్లి రాత్రియంతయు తలుపువద్ద నిలువవలసియుండెడిది కాదు.